మాటకు ముందు

బడి వార్షికోత్సవం అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే దుర్యోధనుడు గుర్తొస్తాడు. కాటుకతో దిద్దిన మీసం. అట్టతో చేసి బంగారు కాగితం అంటించిన గద. అమ్మ పట్టుచీరే పంచె. అక్క గొలుసులే హారాలు. ఏడో తరగతి కుర్రాడు మైకు ముందుకొస్తాడు. లేత గొంతును బరువు చేసుకుని మయసభ ఏకపాత్రాభినయం అందుకుంటాడు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సినిమా. కొండవీటి వెంకటకవి గారు రాసిన మాటలు. ఎన్టీ రామారావు గారు పలికిన మాటలు. ఇన్నేళ్లయినా ఆ మాటలు మన బడుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి.

కొన్నాళ్ల కిందట ఒక చిన్న ఊరి బడికి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. అక్కడా ఒక దుర్యోధనుడు వచ్చాడు. అవమానం తలుచుకుని రగిలిపోయే ఘట్టం. ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు. పెద్దపెద్ద సమాసాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చప్పట్లు మోగాయి. దిగాక వాణ్ణి దగ్గరికి పిలిచాను. "నాయనా, నువ్వెక్కడ పడ్డావు?" అని అడిగాను. వాడు బిక్కమొహం వేశాడు. "పడలేదు మాస్టారూ. ఎక్కడా తడబడలేదు" అన్నాడు.

నేనడిగింది అది కాదు. మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడ్డాడు కదా. ఆ నీళ్లు నీకు ఎటువైపున్నాయి? ఎవరో నవ్వారు కదా. ఆ నవ్వు నీకు ఎటునుంచి వినపడింది? వాడికి తెలియదు. వాడి తప్పేమీ లేదు. వాడికి మాటలు నేర్పారు. మాటకు ముందు జరిగింది నేర్పలేదు.

ఇవాళ నేను మీతో చెప్పాలనుకున్నది ఈ ఒక్క సంగతే. రంగస్థలం మీద నటుడు ఒంటరిగా నిలబడి మాట్లాడతాడు. దాన్ని స్వగతం అనండి, ఆత్మగతం అనండి, ఏకపాత్రాభినయం అనండి. అందులో ప్రతి మాటకూ ముందు ఒకటి ఉంటుంది. ఒక చూపు. ఒక చప్పుడు. ఒక జ్ఞాపకం. నటుడు ముందు దాన్ని పట్టుకోవాలి. మాటను తర్వాత పట్టుకోవచ్చు.

ఒక్కసారి వంటింట్లోకి వెళ్దాం.

పొద్దున్నే ఇల్లాలు బియ్యం డబ్బా మూత తీసింది. డబ్బా అడుగు కనిపించింది. "అయ్యో, ఇవాళే అయిపోవాలా!" అంది. పక్కన ఎవరూ లేరు. గోడకున్న క్యాలెండరు వైపు చూసింది. "ఆదివారం. కొట్టు తీయడు" అంది. పక్కింటి వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. "వద్దులే. మొన్న తెచ్చుకున్న పంచదారే ఇంకా ఇవ్వలేదు" అంది. పైన అరలో రవ్వ డబ్బా కనిపించింది. "ఉప్మా చేసేస్తే సరి" అంది.

చూశారా? ఇది స్వగతం. అచ్చమైన స్వగతం. నాలుగు మాటలు. నాలుగింటికీ ముందు నాలుగు సంగతులున్నాయి. డబ్బా అడుగు. క్యాలెండరు. పంచదార బాకీ. రవ్వ డబ్బా. ఆ నాలుగూ తీసేసి ఉత్త మాటలు చదవండి. ఏముంటుంది? పిచ్చిగా ఉంటుంది. ఆ నాలుగూ ఉంచి మాటలు తీసేయండి. ఆమె ఏం అనుకుంటోందో మనకు చాలావరకు తెలిసిపోతుంది.

ఆమె మొదటి మాట అనేటప్పుడు చివరి మాట ఆమెకు తెలియదు. మూత తీసేటప్పుడు ఉప్మా సంగతి ఆమె మనసులో లేదు. నటుడికి మాత్రం మొదటి నుంచీ అంతా తెలుసు. కంఠస్థం చేశాడు కదా! చిక్కంతా అక్కడే వస్తుంది. తెలిసినవాడు తెలియనివాడిగా నిలబడాలి. ఎలా నిలబడతాడు? మాటను తలుచుకుంటే నిలబడలేడు. డబ్బా మూత తీస్తే నిలబడగలడు.

మళ్లీ దుర్యోధనుడి దగ్గరికి వద్దాం. వానాకాలం. బజారులో నడుస్తున్నారు. కాలు జారి బురదలో పడ్డారు. లేచీ లేవకుండానే మీరు చేసే మొదటి పని ఏమిటి? దెబ్బ తగిలిందా అని చూసుకోరు. ఎవరైనా చూశారా అని నాలుగు వైపులా చూస్తారు. చూసినవాళ్లలో ఒకరు నవ్వారనుకోండి. ఆ నవ్వు ఇంటిదాకా మీ వెంట వస్తుంది. రాత్రి పడుకున్నా వినిపిస్తుంది. దుర్యోధనుడి కోపం అక్కడి నుంచి పుట్టింది. ముందు సిగ్గు. ఆ సిగ్గు లోపలికి దిగింది. దిగి కోపమైంది. సిగ్గు పడకుండా నేరుగా కోపంతో మొదలుపెట్టిన దుర్యోధనుడు ఉత్త కేకలు వేస్తాడు. సిగ్గుపడ్డ దుర్యోధనుడు కేక వేయకపోయినా మనకు ఒళ్లు జలదరిస్తుంది.

మన పూర్వులు రంగం మీది మాటలకు చాలా పేర్లు పెట్టారు. తనలో తాను అనుకునేది స్వగతం. అందరికీ వినపడేలా చెప్పేది ప్రకాశం. రంగం మీద పదిమంది ఉన్నా ఒకరికే చెప్పేది జనాంతికం. దానికి చేతిని త్రిపతాకంగా పట్టాలని, అంటే ఉంగరపు వేలు మాత్రం వంచి పట్టాలని, నాట్యశాస్త్ర సంప్రదాయం. వీటిలో నాకు చాలా ఇష్టమైనది ఆకాశభాషితం. అవతల మనిషి ఉండడు. ఉన్నట్టే నటుడు మాట్లాడతాడు. అవతలివాడి మాట తానే విని, తానే తిరిగి అని, జవాబు చెప్తాడు. సంస్కృతంలో భాణం అనే నాటక ప్రక్రియ మొత్తం దీనిమీదే నడుస్తుంది. ఒకే నటుడు. వీధిలో నడుస్తూ పోతాడు. దారిలో ఎందరెందరో ఎదురవుతారు. వాళ్లెవరూ మనకు కనిపించరు. అయినా అందరూ కనిపిస్తారు.

ఇదెలా సాధ్యం అంటారా? రోజూ మీరు చూసేదే. బస్సులో పక్క సీటాయన ఫోనులో మాట్లాడతాడు. మీకు ఒకవైపు మాటలే వినిపిస్తాయి. "ఆఁ... ఎప్పుడూ?... అదేంటి, నిన్న బానే ఉన్నారుగా!... ఏ ఆసుపత్రి?" ఇంతే. అవతల ఏం జరిగిందో మీకు పూర్తిగా తెలిసిపోయింది. ఎలా తెలిసింది? ఆయన మాటలవల్ల కొంతే. రెండు మాటల నడుమ ఆయన వింటున్నాడు చూడండి, ఆ వినడం వల్ల తెలిసింది. ఆయన మొహం మాటకంటే ముందే మారింది. ఆకాశభాషితం చేసే నటుడు నేర్చుకోవలసింది ఆ వినడమే. లేని ఫోను అవతలి నుంచి లేని గొంతును నిజంగా వినాలి.

ఇప్పుడు కన్యాశుల్కం సంగతి.

గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. 1897లో పుస్తకంగా వచ్చింది. ఆ తర్వాత ఆయనే దాన్ని బాగా పెంచి, మార్చి రాశారు. అది 1909లో వచ్చింది. ఇవాళ మనం ఆడుకునేది, చదువుకునేది ఆ రెండో కూర్పే. తెర లేచేసరికి విజయనగరంలో బొంకులదిబ్బ. సాయంత్రం. గిరీశం ఒక్కడే ఉంటాడు. తనలో తాను మాట్లాడుకుంటాడు. అంత పెద్ద నాటకం అలా మొదలవుతుంది. పక్కన ఎవరూ లేని మనిషి మాటలతో.

నేను కుర్రతనంలో మొదటిసారి గిరీశం వేషం కట్టినప్పుడు ఆ స్వగతాన్ని చాలా హుషారుగా చెప్పాను. చుట్ట పట్టుకునే తీరు సాధన చేశాను. ఇంగ్లీషు ముక్కలు ఎలా విరవాలో సాధన చేశాను. మొదట నవ్వులొచ్చాయి. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. జనం పల్లీలు నములుతున్న చప్పుడు నాకు రంగం మీదికి వినిపించింది. ఆ రాత్రి మా సమాజంలో ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశారు. "ఒరే అబ్బాయ్, ఇవాళ రాత్రి గిరీశం భోజనం ఎక్కడ?"

నా దగ్గర జవాబు లేదు.

ఆలోచించండి. పూటకూళ్లమ్మ దగ్గర నెల కిందట ఇరవై రూపాయలు తీసుకున్నాడు. సంతలో సామాన్లు కొనిపెడతానన్నాడు. ఆ డబ్బు వేశ్య కింద ఖర్చుపెట్టాడు. ఇవాళ పొద్దున పూటకూళ్లమ్మతో పెద్ద యుద్ధమైంది. ఇప్పుడు సాయంత్రమైంది. ఆ ఇంటికి వెళ్లే మొహం లేదు. ఊళ్లో ఉండే దారి కనిపించడం లేదు. అతని మాటల్లో ఠీవి ఉంది. ధీమా ఉంది. ఆ ఠీవికి ముందు ఏముంది? పొద్దుటి తగాదా ఉంది. చెవుల్లో ఇంకా ఆమె కేకలున్నాయి. రాత్రి కూడు ఎక్కడో తెలియని బెంగ ఉంది. ఆ బెంగ మీద ధీమాను దుప్పటిలా కప్పుకుంటున్నాడు. ఆ దుప్పటి కింద వణుకు నాకు కనిపించలేదు. దుప్పటి ఒక్కటే ఊపుతూ నిలబడ్డాను.

ఆ మాటలలోనే అతనికి దారి దొరుకుతుంది. శిష్యుడు వెంకటేశం ఉన్నాడు కదా. సెలవుల్లో చదువు చెప్పే మిషతో వాడి వెంట వాడి ఊరు వెళ్లిపోతే సరి. ఆ ఆలోచన ముందే పుట్టింది కాదు. అక్కడే, ఆ దిబ్బ మీదే, మన కళ్లముందే పుట్టాలి. మన ఇల్లాలికి రవ్వ డబ్బా కనిపించినట్టు అతనికి వెంకటేశం కనిపించాలి. ఆ ఊహ తట్టిన క్షణాన గిరీశం మొహం చూడాలి మీరు. తర్వాత వచ్చే నాటకమంతా ఆ క్షణం నుంచి పుట్టింది. అది తట్టకుండానే మాట అనేసిన నటుడు నాటకానికి విత్తనం వేయడం మరిచిపోయినట్టే.

ఆ పెద్దాయన ప్రశ్న తర్వాత నేను గిరీశాన్ని మళ్లీ వేశాను. ఈసారి మాటల్లో ఏమీ మార్చలేదు. తెర లేవకముందు, తెర వెనక నిలబడి, పొద్దుట ఆమె అన్న తిట్లు నాకు నేను ఊహించుకున్నాను. అంతే. చుట్ట వెలిగించుకోవడం ఆలస్యమైంది. చెయ్యి అగ్గిపెట్టె కోసం వెతికింది. అది సాధన చేసింది కాదు. ఆ తిట్ల వల్ల వచ్చింది.

శ్రోతలారా, ఇక కాటి సీను దగ్గరికి వస్తున్నాను. తెలుగు పద్యనాటకంలో ఇంతకంటే పెద్ద పరీక్ష నటుడికి లేదని నా నమ్మకం.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన సత్యహరిశ్చంద్రీయం మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్లవార్లూ చూసినవాళ్లూ ఉంటారు. కాటి సీను ఎప్పటికో అర్ధరాత్రి దాటాక వచ్చేది. పిల్లల్ని అప్పటికి నిద్ర లేపేవాళ్లు. "లేవరా, కాటి సీనొచ్చింది" అని. హార్మోనియం శ్రుతి పట్టేది. గొంగళి కప్పుకుని, కర్ర పట్టుకుని, హరిశ్చంద్రుడు శ్మశానంలో నడిచి వచ్చేవాడు. డి.వి. సుబ్బారావు గారి లాంటి నటులు ఆ ఒక్క సీనుతో ఊళ్లకు ఊళ్లను కట్టిపడేశారు.

ఆ సీనులో మనం విని కరిగిపోయే పద్యాలు కొన్ని బలిజేపల్లి వారివి కావు. గుర్రం జాషువా గారివి. ఆయన రాసిన శ్మశానవాటి అనే ఖండికలోవి. ఆ పద్యాలను నటులు నాటకంలోకి తెచ్చుకున్నారు. అవి అక్కడే పుట్టినట్టు అతుక్కుపోయాయి. ఎందుకు అతుక్కున్నాయో చెప్తాను. ఒక్క సీసపద్యం తీసుకుందాం. అందరికీ తెలిసినదే. పద్యం నేను చదవను. దాని లోపల ఏముందో చెప్తాను.

సీసానికి నాలుగు పెద్ద పాదాలుంటాయి. కింద ఒక చిన్న గీతపద్యం ఉంటుంది. ఈ సీసంలో నాలుగు పాదాలూ ఒకే మాటతో మొదలవుతాయి. "ఇక్కడే" అనే అర్థం వచ్చే మాట. ఇక్కడే ఒక కవి కలం పోయింది. ఇక్కడే ఒక రాజు ముద్రిక పోయింది. ఇక్కడే ఒక లేత ఇల్లాలి నల్లపూసలు పోయాయి. ఇక్కడే ఒక చిత్రకారుడి కుంచె పోయింది. భావం ఇదీ.

నేను నేర్పేటప్పుడు పిల్లల్ని అడుగుతాను. "ఇక్కడే అంటున్నావు. ఎక్కడ?" నాలుగుసార్లూ చెయ్యి ఒకే చోటికి చూపిస్తారు. లేకపోతే ఆకాశం వైపు చూపిస్తారు. కాదు నాయనా. ఇక్కడే అన్నప్పుడు ఒక చోటు ఉండాలి. కవి కాలిన చోటు వేరు. రాజు కాలిన చోటు వేరు. ఒకటి నీ కుడి పక్క. దాని మీద బూడిద ఇంకా వెచ్చగా ఉంది. ఒకటి గట్టు కింద. పాతది. గడ్డి మొలిచింది. ముందు ఆ చోటు చూడు. చూశాక అను. నాలుగు "ఇక్కడే"లకు నాలుగు చూపులు కావాలి.

ఇంకా ఉంది. ఆ నాలుగింటినీ చూస్తున్నది ఎవరు? హరిశ్చంద్రుడు. ఒకప్పుడు రాజు. రాజు ముద్రిక పోయిన చోటు ముందు నిలబడ్డప్పుడు అతను ఎవరి సంగతి తలుచుకుంటున్నాడు? కవి చితి ముందు నిలబడ్డ మనిషి వేరు. రాజు చితి ముందు నిలబడ్డ మనిషి వేరు. అక్కడ తనకు తాను ఎదురయ్యాడు. ఆ తర్వాత నల్లపూసలు. కాశీ బజారులో భార్యను అమ్ముకున్నవాడు. నల్లపూసల మాట అతని గొంతులో ఎలా రావాలి? రాగం తీస్తూ వస్తుందా? నాకైతే ఆ మాట దగ్గర గొంతు ఒక్క అరక్షణం ఆగాలనిపిస్తుంది. కథ తెలిసినవాళ్లకు ఇంకొకటి తడుతుంది. కాసేపట్లో భార్య చంద్రమతి అక్కడికే వస్తుంది. ఆమె మెడలోని మంగళసూత్రం వల్లే ఆలుమగలు ఒకరినొకరు గుర్తుపడతారు. ఇదంతా జాషువా గారు నాటకం కోసం రాసింది కాదు. అయినా చూడండి, ఆ పద్యం ఆ చోట ఎంత పని చేస్తోందో!

కానీ, శ్రోతలారా, జాగ్రత్తగా వినండి. చంద్రమతి వస్తోందని మనకు తెలుసు. కొడుకు లోహితాస్యుణ్ణి పాము కరిచిందని మనకు తెలుసు. ఆ పసివాడి శవం ఎత్తుకుని ఆమె దారిలో ఉందని మనకు తెలుసు. హరిశ్చంద్రుడికి తెలియదు. ఈ పద్యాలు పాడేటప్పుడు అతనికి కొడుకు బతికే ఉన్నాడు. ఎక్కడో ఎవరి ఇంట్లోనో ఊడిగం చేస్తున్నా, బతికే ఉన్నాడు. చాలామంది నటులు ఇక్కడే పొరబడతారు. కాట్లోకి అడుగుపెడుతూనే ఏడుపు గొంతుతో వస్తారు. ఏడుపంతా ముందే ఖర్చు పెట్టేస్తారు. నిజంగా కొడుకు శవం ముందుకొచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. అది బియ్యం డబ్బా మూత తీయకముందే "అయ్యో" అన్నట్టు. కాపలా మనిషి రాత్రిపూట తన పని తాను చేసుకుంటూ చుట్టూ చూస్తాడు. ఆలోచిస్తాడు. ఏడవాల్సిందంతా తర్వాత ఉంది. అప్పటిదాకా మనల్ని ఏడవనివ్వండి. మనకు తెలుసు కనుక మనం ఏడుస్తాం.

మాటకు ముందున్నదాన్ని పట్టుకోమన్నాను. మాటకు తర్వాత రాబోయేదాన్ని పట్టుకోవద్దని కూడా చెప్పాలి. రెండూ ఒకటే.

పద్యం వచ్చేసరికి ఇంకో చిక్కుంది. ఊపిరి. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. "మీ అబ్బాయి నిన్న సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ వస్తూ మా వీధి చివర మలుపులో..." అని ఆపాననుకోండి. మీ ప్రాణం నిలుస్తుందా? పడ్డాడా? కనిపించాడా? ఎవరితోనైనా గొడవ పడ్డాడా? క్రియ వచ్చేదాకా మీరు ఊపిరి బిగబట్టి వింటారు. పద్యంలోనూ అంతే. పాదం మొదట్లో ఎవరిదో, ఏదో వస్తువు పేరొస్తుంది. అది ఏమైందో చివరికి గాని తెలియదు. నటుడు మొదటి మాట మీదే రాగం పెంచుకుంటూ పోతాడు. క్రియ దగ్గరికి వచ్చేసరికి గాలి అయిపోతుంది. అసలు మాట నోట్లోనే మింగేస్తాడు. వినేవాడికి రాగం దక్కుతుంది. కవి కలం ఏమైందో తెలియదు.

అందుకే పాత పంతుళ్లు ముందు అన్వయం చెప్పించేవారు. ఎవరు, దేన్ని, ఎక్కడ, ఏం చేశారు. అది తేలాకే పద్యం. అది చాదస్తం కాదు. నటుడికి అంతకు మించిన సాధన లేదు. యతి దగ్గర ఊపిరి పీల్చాలని కొందరు కుర్రవాళ్లు అనుకుంటారు. సంస్కృత శ్లోకంలో యతి అంటే విరామం. తెలుగు పద్యంలో యతి అంటే అక్షర మైత్రి. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కలపాలి. అక్కడ ఆగమని ఎవరూ అనలేదు. పాదం చివర కూడా ఆగనక్కర్లేదు. మన పద్యంలో మాట ఒక పాదంలో మొదలై రెండో పాదంలో పూర్తవుతుంది. అర్థం ఎక్కడ తెగితే ఊపిరి అక్కడ తీసుకోవాలి. అంతే.

రాగం వద్దని నేననడం లేదు. పద్యానికి రాగం అందం. ఆ అందం కోసమే మన జనం ఎడ్లబళ్లు కట్టుకుని నాటకాలకు వెళ్లారు. అయితే బళ్లారి రాఘవ గారి వంటి మహానటులు రాగాన్ని బాగా తగ్గించి, మాటకూ భావానికీ పెద్దపీట వేశారు. ఆ పక్షం, ఈ పక్షం అని వాదులాట చాలా ఏళ్లు నడిచింది. నాకు తోచింది చెప్తాను. రాగం భావం వెనక నడవాలి. చోటు చూసి, క్రియ పట్టుకుని, ఆ తర్వాత రాగం తీయండి. ఎంత తీసినా చెల్లుతుంది. "వన్స్ మోర్" అని జనం కేకేస్తే మాత్రం నాకు భయం. మళ్లీ అదే పద్యం పాడాలి. రెండోసారి పాడేటప్పుడు ఎంతటి నటుడైనా చితి వైపు చూడడం కష్టం. జనం వైపే చూస్తాడు.

ఇప్పుడు సాధన ఎలా చేయాలో చెప్తాను. కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

మీరు ఎంచుకున్న స్వగతాన్ని మీ చేత్తో రాసుకోండి. అచ్చు కాగితం వద్దు. రాసేటప్పుడు ఎడమ పక్క బాగా ఖాళీ వదలండి. ప్రతి వాక్యం పక్కన, ఆ ఖాళీలో, ఒక చిన్న ముక్క రాయండి. ఈ మాటకు ముందు ఏం చూశాడు? ఏం విన్నాడు? ఏం గుర్తొచ్చింది? ఒక్క ముక్క చాలు. "గడ్డి మొలిచిన గట్టు." "పూటకూళ్లమ్మ కేక." "మూడో స్తంభం పక్కన నవ్వు." ఇలా. కోపం, బాధ, ప్రేమ అని మాత్రం రాయకండి. కోపాన్ని మీరు చూడలేరు. నవ్విన మొహాన్ని చూడగలరు.

తర్వాత కుడి పక్క మాటలు మూసేయండి. ఎడమ పక్క ముక్కలే చూస్తూ, కథంతా మీ సొంత మాటల్లో చెప్పండి. మీ యాసలోనే చెప్పండి. శ్రీకాకుళమైతే శ్రీకాకుళం మాట. నెల్లూరైతే నెల్లూరు మాట. కరీంనగరైతే కరీంనగర్ మాట. అమెరికాలో పెరిగిన పిల్లలకు తానా, ఆటా వంటి తెలుగు సంఘాల సభల కోసం నేర్పిస్తున్నవాళ్లు కూడా ఇది చేయించండి. సమాసాలు నోరు తిరగడం లేదని బెంగపడకండి. పిల్లకు వచ్చిన తెలుగులోనే ముందు చెప్పనివ్వండి. చోటు కనిపిస్తే సమాసం తర్వాత దిగుతుంది.

ఇది కూర్చుని చేయనక్కర్లేదు. చిక్కుడుకాయలు గిల్లుతూ చేయండి. బట్టలు మడత పెడుతూ చేయండి. చేతులు ఏదో పనిలో ఉంటే గొంతు నాటకం ఆడదు. సొంత మాటల్లో నాలుగైదు రోజులు చెప్పాక, కవి మాటల్లోకి రండి. అప్పుడు మీకు ఒక ఆశ్చర్యం. మీరు పది మాటల్లో చెప్పింది కవి మూడు మాటల్లో చెప్పి ఉంటాడు. ఆ మూడు మాటల మీద మీకు అప్పుడు నిజమైన గౌరవం కలుగుతుంది. అవి నోట్లో బరువుగా ఉండవు. అందిన ఊతంలా ఉంటాయి.

ఒక ప్రశ్న చాలామంది అడుగుతారు. స్వగతం చెప్పేటప్పుడు జనం వైపు చూడాలా, చూడకూడదా? గిరీశం చూడవచ్చు. మనల్ని కూడా తన పక్షం తిప్పుకోవాలని చూసే మనిషి కదా. హరిశ్చంద్రుడికి చితులున్నాయి. జనంతో పనిలేదు. పాత్ర ఎవరితో మాట్లాడుతోందో తేలితే చూపు దానంతట అదే తేలుతుంది. ఇప్పుడు నా సంగతే చూడండి. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ముందు మైకు ఉంది. అద్దం అవతల ఒకాయన గడియారం చూస్తున్నారు. కానీ నేను మైకుతో మాట్లాడటం లేదు. రేడియో పక్కన పెట్టుకుని కూర తరుగుతున్న ఒకావిడతో మాట్లాడుతున్నాను. ఆమె కత్తిపీట చప్పుడు వింటూ మాట్లాడుతున్నాను.

ఆ వార్షికోత్సవం కుర్రాడి సంగతి మధ్యలో వదిలేశాను.

సభ అయిపోయింది. కుర్చీలు తీసేస్తున్నారు. బడి ఆవరణలో కుళాయి దగ్గర నేల తడిగా ఉంది. వాణ్ణి అక్కడికి తీసుకెళ్లాను. "ఇక్కడ జారి పడ్డావనుకో. అదిగో, ఆ అరుగు మీద మీ క్లాసు పిల్లలందరూ ఉన్నారు. వాళ్లలో ఒక అమ్మాయి నవ్వింది" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు.

వాడు తడి నేల వైపు చూశాడు. అరుగు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అయినా మొహం ఎర్రబడింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మొదటి మాట అన్నాడు. ఎన్టీ రామారావు గారి గొంతు కాదు. వాడి సొంత గొంతు. చాలా చిన్నగా ఉంది. నాలుగు వాక్యాలయ్యాక ఆగాడు. చేతిలోని గదను కుళాయి గట్టు మీద పెట్టాడు.

"మాస్టారూ, ఇప్పుడు ఇది పట్టుకోవాలనిపించట్లేదండీ" అన్నాడు.